పార్టీ లైన్లో ఉండగా

అత్తగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ ఫోన్ పెట్టేయదు.

కూరలో ఉప్పు ఎక్కువైందనే అత్తగారో, బీరువా తాళాలు నడుముకు కట్టుకు తిరిగే అత్తగారో అయితే నలుగురికీ చెప్పుకోవచ్చు, నలుగురూ అయ్యో అంటారు. మా అత్తగారు ఫోన్ పెట్టేయరండీ అంటే ఎవరు జాలిపడతారు? కానీ పడేవాళ్లకే తెలుస్తుంది. అప్పు కావాలా మేడమ్ అని ఎవరో అమ్మాయి ఫోన్ చేసేది. ముప్పావు గంట తర్వాత ఆ అమ్మాయి పన్నునొప్పికి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో తేలేది గాని అప్పు సంగతి తేలేది కాదు. రాంగ్ నంబర్ వాళ్లకి సరైన నంబరు వెతికి ఇచ్చేది. మీ కాల్ మాకెంతో ముఖ్యం అని పలికే మరగొంతుకి కూడా "సంతోషమమ్మా" అని జవాబిచ్చేది. అంతా అయి, ఉంటానండి అని రెండుసార్లు అన్నాక కూడా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని, అవతలివాళ్లు పెట్టేసిన చప్పుడు విన్నాకే కిందికి దించేది.

అదేమంటే ఆవిడ దగ్గర ఒకే జవాబు ఉండేది. "పార్టీ పెట్టకముందు మనం తీగ పీకకూడదమ్మాయ్. దీపం ఆరాలి, అప్పుడు పీకాలి."

టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో లోకల్ బోర్డు మీద ముప్పై నాలుగేళ్లు కూర్చున్న మనిషి. ఫోన్లో మాట్లాడేవాళ్లెవరైనా ఆవిడకి పార్టీలే, వాళ్లు పెట్టేస్తే బోర్డు మీద దీపం ఆరేది. ఆ బోర్డులూ తీగలూ తుక్కుకి వెళ్లి ఎన్నేళ్లయిందో. రూలు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

సోమవారం పొద్దున పదింటికి కోడలు భోజనాల బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తూ కూర్చుంది. అత్తగారి గదిలో ఫోన్ మోగింది. ఎవరో పన్నునొప్పి అమ్మాయి దొరికిందనుకుంది. గిన్నె సగం నిండేసరికి గది తలుపు మూసుకుంది. ఆ ఇంట్లో పగలు తలుపులు మూసే అలవాటు లేదు.

పదకొండుకి టీ తీసుకెళ్లి తలుపు తడితే లోపలినుంచి, "అక్కడ పెట్టు" అని వినిపించింది. పదకొండున్నరకి కప్పు అక్కడే ఉంది, మీగడ కట్టి. ఒకసారి అత్తగారు బయటికొచ్చి, ఫోన్ గుండెకి ఆనించుకుని బాత్రూములోకి వెళ్లి, అలాగే పట్టుకుని తిరిగొచ్చి తలుపేసుకుంది. వెళ్తూ కోడలి వైపు చూసి చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది. "లైన్లోనే ఉన్నానండి" అన్న మాట మాత్రం తలుపు సందులోంచి అయిదారుసార్లు వినబడింది. కోడలికి కాళ్లు ఒకచోట నిలవలేదు. ఒలిచిన బఠాణీలు మళ్లీ ఏరింది. తుడిచిన బల్ల మళ్లీ తుడిచింది. ఒంటిగంటకి లోపల బీరువా తలుపు కీచుమంది. అప్పుడిక ఆగలేదు.

అత్తగారు మంచం అంచున నిటారుగా కూర్చుని ఉంది. ఎక్స్ఛేంజి స్టూలుకి వీపు ఆనించుకునే చెక్క ఉండేది కాదని, అందుకే నడుము ఇప్పటికీ వంగలేదని ఆవిడ చెబుతుండేది. దిండుకి ఆనించిన ఫోన్‌లో యూనిఫాం వేసుకున్న మనిషెవడో ఉన్నాడు. అత్తగారి మోకాలి మీద పాత క్యాలెండరు కాగితాలు చింపిన చీటీలు, చేతిలో పెన్సిలు, పక్కన ఇంకా తెరవని బ్యాంకు పుస్తకం. ఎవరు ఫోన్ చేసినా ఎప్పుడు కలిసిందో, ఎప్పుడు పెట్టారో, లైను ఎలా ఉందో చీటీ రాయడం కూడా ఆ ఎక్స్ఛేంజి నుంచి వచ్చిన సరుకే.

కోడలు ఫోన్ లాక్కుని ఎర్ర బొత్తాం నొక్కేసింది.

అత్తగారు తనని కొట్టినట్టు చూసింది. "పార్టీ లైన్లో ఉండగా కట్ చేశావా?"

"పార్టీ కాదత్తయ్యా. దొంగ."

"డిపార్టుమెంటు నుంచి మాట్లాడుతున్నారే."

అక్కడుంది కిటుకంతా. లోకంలో ఎన్ని డిపార్టుమెంట్లున్నా అత్తగారికి డిపార్టుమెంటంటే ఒక్కటే, తను జీతం తీసుకున్నది. వాడు ఏ ఉద్దేశంతో అన్నాడో గాని, డిపార్టుమెంటు నుంచి మేడమ్ అన్నాడు. ఈవిడ ఏ సెక్షనండీ అని అడిగింది. మెయిన్ సెక్షన్ అన్నాడు. మీ పేరున ఉన్న నంబరుతో ఎవరో మోసాలు చేస్తున్నారు, విచారణ అయ్యేదాకా ఫోన్ పెట్టకూడదు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు అన్నాడు. పార్టీ పెట్టేదాకా ఆగడం ఆవిడకి కొత్త కాదు. పార్టీలు మాట్లాడుకున్నది బయట చెప్పకపోవడం కూడా కొత్త కాదు. అడగక్కర్లేకుండానే ఆ రెండూ చేసే మనిషి దొరికింది వాడికి.

సాయంత్రం కొడుకు వచ్చాడు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి పాఠాలు చెప్పే ఉద్యోగం అతనిది. ఇంటికొచ్చాక కూడా గొంతులో ఆ సుద్దముక్క పోదు. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, తను నిలబడి, మోసాలు ఎన్ని రకాలో చెప్పాడు. పది సూత్రాలు పెద్దక్షరాల్లో అచ్చువేసి తెచ్చి ఫ్రిజ్ తలుపు మీద అంటించాడు. తర్వాత ఆవిడ ఫోన్ తన సొరుగులో పెట్టి, బొత్తాల ఫోన్ ఒకటి చేతిలో పెట్టాడు. అందులో కలిసేవి రెండే నంబర్లు, తనదీ భార్యదీ.

"మరి నాలుగింటి ఫోను?" అంది అత్తగారు.

రోజూ సాయంత్రం నాలుగింటికి రిటైరైన ఆపరేటర్లు నలుగురు ఒకే లైన్లో కలుస్తారు. ఒకళ్లనొకళ్లు పేర్లతో పిలుచుకోరు, కూర్చున్న సీట్లతో పిలుచుకుంటారు. అత్తగారు లోకలు. రెండు వీధుల అవతల ఉండే ఆవిడ, వేరే ఊళ్లకి ఫోన్లు కలిపినావిడ, ట్రంకు. మిగతా ఇద్దరూ విచారణ, ఫిర్యాదులు. మాట్లాడుకునేదేమీ ఉండదు. మోకాళ్లూ, వానా, ఎవరింట్లో కుళాయి కారుతోందీ. నాలుగున్నరకి ట్రంకు తన పాత డ్యూటీ గొంతుతో, "మూడు నిమిషాలయ్యాయండి, పొడిగించమంటారా?" అంటుంది. నలుగురూ రోజూ నవ్వుతారు. అప్పుడు పెట్టేస్తారు.

"కొన్నాళ్లు ఆపుదాంలే అమ్మా," అన్నాడు కొడుకు.

అత్తగారు బొత్తాల ఫోన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. 

పాలు పొంగేలోగా కోడలు కాలనీ ఆడవాళ్ల గ్రూపులో రాసింది. ఆ గ్రూపులో ఆమె రాతకి గిరాకీ ఉంది. పనిమనిషి మానేసినా, మేడమీద ట్యాంకు పొంగినా ఆమె రాస్తేనే రుచి అంటారు. డిగ్రీలో సాహిత్యం చదివి బఠాణీలు ఒలుచుకునే మనిషికి అదొక్కటే వేదిక. కాబట్టి మనసుపెట్టి రాసింది. డిపార్టుమెంటూ, మెయిన్ సెక్షనూ, బాత్రూములోకి వెంటబెట్టుకెళ్లిన పార్టీ, మీగడ కట్టిన టీ, ఏదీ వదల్లేదు. 'దొంగవాడికే విసుగొచ్చి పెట్టేస్తాడనుకున్నాను గాని, మా అత్తగారి చేతిలో పడ్డ పార్టీ అంత తేలిగ్గా బయటపడగలడా' అని ముగించింది. పాలు దించేలోపు పడీపడీ నవ్వే బొమ్మలు వరసకట్టాయి. ట్రంకు పిన్నిగారు కూడా మూడు బొమ్మలు పంపింది. ఆ మూడూ చూసి కోడలికి మరింత ఊపొచ్చింది. ఆవిడే నవ్విందంటే ఇక తప్పేముంది?

మంగళవారం అత్తగారు ఇల్లంతా తిరిగింది. కిటికీ దగ్గర కూర్చుని లేచింది. మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్లీ మడతపెట్టింది. రైకలో ఫోన్ పెట్టుకునే చోటికి చెయ్యి వెళ్లేది, ఖాళీగా తిరిగొచ్చేది. ఆ చెయ్యి చూడలేక కోడలు కూరగాయలకి వెళ్దాం రండి అని వెంటబెట్టుకుపోయింది.

వచ్చేటప్పుడు మెట్ల మీద కిందింటావిడ ఎదురైంది. మంచి మనిషే, మనసులో ఏదీ దాచుకోదు. అత్తగారిని చూడగానే మొహం విప్పారింది.

"ఏం డిపార్టుమెంటుగారూ, మీ పార్టీ మళ్లీ చేశాడా?"

అత్తగారు చిరునవ్వు నవ్వి, లేదండి అంది. సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని మెట్లెక్కింది. వెనక వస్తున్న కోడలు రెండు మెట్లు ఆగి ఎక్కింది. పైకెళ్లాక తిడుతుంది, తిడితే తీరిపోతుంది అనుకుంది. అత్తగారు తిట్టలేదు. కూరలు బుట్టలో సర్ది, చేతులు కడుక్కుని వచ్చి, చాలా మర్యాదగా అడిగింది.

"టీ పెడతారా అండీ, నన్ను పెట్టమంటారా?"

కోడలు వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా వచ్చారేమోనని.

పదమూడేళ్లుగా ఆ నోట తను 'నువ్వు'. కోపమొస్తే 'ఏమిటే', ముద్దొస్తే కూడా 'ఏమిటే'. ఇప్పుడు మధ్యాహ్నం, "కూర మారు వడ్డిస్తారా అండీ." సాయంత్రం, "మీ బట్టలు ఆరాయి, తీసి లోపల పెట్టాను." గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. గాజు పలకలాంటి గొంతు. ఎక్స్ఛేంజిలో రోజుకి కొన్ని వందలమంది విన్న గొంతు అదేనని కోడలికి అర్థమైంది.

"అత్తయ్యా, నన్ను అండీ అంటారేమిటి?"

"పార్టీలతో అలాగే మాట్లాడాలండి."

రాత్రి భోజనాల దగ్గర భర్త కూడా గమనించాడు. అమ్మ నిన్ను మీరంటోందేమిటని అడిగాడు. నా హోదా పెరిగిందిలెండి అని తప్పించుకుంది. గిన్నెలు కడిగాక గ్రూపు తెరిచింది, రాసింది తీసేద్దామనే. అప్పటికే ఎవరో, రెండో భాగం ఎప్పుడండీ, ఎదురుచూస్తున్నాం అని అడిగారు. వేలు కాసేపు అలాగే ఆగింది. మర్నాడు తీసేద్దాంలే అనుకుంది.

బుధవారం కూడా తీయలేదు.

నాలుగింటికి రెండు నిమిషాల ముందు కోడలు ఇస్త్రీ చేస్తోంది. కాలర్లు అయి చొక్కా చేతులు మొదలుపెట్టింది. అత్తగారు వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"మీ ఫోన్ ఒక్క మూడు నిమిషాలు ఇస్తారా అండీ? ట్రంకు నిన్న నాలుగింటికి లైన్లోకి రాలేదట. విచారణ మీ ఆయన ఆఫీసు ఫోన్‌కి చేసి మరీ నాకు చెప్పించింది."

విచారణ అనే ఆవిడ విచారించకపోతే ఎలా, అని ఇంకోరోజైతే కోడలు నవ్వేది. మాట్లాడకుండా నంబరు కలిపి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. చాలాసేపు మోగాక ట్రంకు ఎత్తింది. బాగానే ఉన్నాను, తలనొప్పిగా ఉంది, రేపు చేస్తాను, అంది. అంతే, పెట్టేసింది.

అత్తగారు ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయింది. కళ్లు మూసుకుంది. కోడలు చొక్కా తిప్పేసింది. తలనొప్పేమోలెండి అనబోతే అత్తగారు చెయ్యెత్తి ఆపింది, ఇంకా ఎవరో మాట్లాడుతున్నట్టు.

"లోకలూ అనలేదు," అంది చివరికి. "మూడు నిమిషాలు అనలేదు. వెనకాల దగ్గు ఉంది."

"జలుబేమో."

"ఆవిడది కాదు. మగ దగ్గు. రెండు పొడి దగ్గులు, కుర్చీ జరిగింది, తర్వాత ఎవరో అమ్మాయి, సార్ సంతకం అంది." ఆవిడ గదిలోకి వెళ్లి సోమవారం చీటీలు తెచ్చి ఇస్త్రీబల్ల మీద పరిచింది. "చూడండి."

కోడలు చూసింది. పెన్సిలు రాత, చిన్న అక్షరాలు. 10.14 దగ్గు రెండు, కుర్చీ, సంతకం. 10.19 దగ్గు రెండు, కుర్చీ, సంతకం. 10.24. 10.29. చీటీ తర్వాత చీటీ, అయిదు నిమిషాలకోసారి, మధ్యాహ్నం దాకా. ఇంత రాసిన మనిషి ఇది ఆలోచించలేదా అన్నట్టు తలెత్తింది.

"లైన్లో ఏం వినబడితే అది రాయడమే మా పని," అంది అత్తగారు. "ఎందుకు వినబడిందో ఆలోచించడం మా పని కాదు. ఇవాళ చదువుకుంటే తెలిసింది. ఏ ఆఫీసులోనూ మనుషులు అలా గడియారం పెట్టుకుని దగ్గరు."

అది ఆఫీసు కాదు, ఆఫీసు చప్పుళ్లు పట్టిన రికార్డు. అదే రికార్డు ఇప్పుడు ట్రంకు ఇంట్లో తిరుగుతోంది.

కోడలు చెప్పుల కోసం పరిగెత్తింది.

"ప్లగ్గు పీకి రండి," అంది వెనకనుంచి అత్తగారు, ఇస్త్రీపెట్టె వైపు చూపిస్తూ.

రెండు వీధులే. కానీ అత్తగారి మోకాళ్లతో రెండు వీధులంటే తక్కువ కాదు. ఆటో దొరికితే బాగుండునని కోడలు నాలుగడుగులు ముందుకెళ్లి చూసి, మళ్లీ వెనక్కొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. అత్తగారు పట్టుకోనివ్వలేదు, పక్కనే నడిచింది. దారిలో కోడలు ట్రంకుకి రెండుసార్లు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు.

ట్రంకు ఉండేది కింది వాటాలో, ఒక్కతే. కిటికీ తెరలన్నీ దించి ఉన్నాయి. కోడలు బెల్లు కొట్టింది. తలుపు బాదింది. పిన్నిగారూ, వాడు దొంగ, మాట్లాడకండి, పెట్టేయండి అని అరిచింది.

లోపలినుంచి ట్రంకు గొంతు వచ్చింది. పొడిగా, పేపరు చదువుతున్నట్టుగా. "నాకేం కాలేదు. ఒంట్లో బాగాలేదు. వెళ్లిపోండి."

దాని వెనకే మగ గొంతు, సన్నగా. "ఎవరు మేడమ్? పంపించెయ్యండి. మీరు కదలొద్దు."

కోడలు మళ్లీ చెయ్యెత్తింది. అత్తగారు ఆ మణికట్టు పట్టుకుని కిందికి దించింది. బాదే కొద్దీ లోపలి మనిషి భయపడుతుంది. తలుపు అవతల ఇప్పుడు ఉన్నది స్నేహితురాలు కాదు, బిగుసుకుపోయిన పార్టీ. అత్తగారు తలుపు సందుకి మొహం దగ్గర పెట్టి, కొంగు సర్దుకుని, గొంతు మార్చింది. తన గొంతు కాదది. ముప్పైయేళ్లు పక్క సీటులో కూర్చుని విన్న గొంతు.

"మూడు నిమిషాలయ్యాయండి. పొడిగించమంటారా?"

లోపల ఏదీ కదల్లేదు. ఎక్స్ఛేంజి మొత్తానికి, పార్టీలు మాట్లాడుతుండగా మధ్యలోకి దూరే హక్కు ఒక్క ట్రంకు సీటుకే ఉండేది. మూడు నిమిషాలయ్యాయి అన్నాక అవునో కాదో చెప్పకపోతే, ఎంత పెద్దవాడి లైనైనా పుటుక్కున పీకేసేది. ఆవిడ అలా పీకిన లైన్లకి లెక్కలేదని నాలుగింటి ఫోన్‌లో ఎప్పుడూ గొప్పలు పోయేది.

"మూడు నిమిషాలయ్యాయండి," అంది మళ్లీ అత్తగారు, ఈసారి నెమ్మదిగా. "పొడిగించమంటారా?"

మగ గొంతు ఏదో గద్దిస్తోంది. కుర్చీ కాళ్లు నేల మీద గీసుకున్నాయి. ఏదో బరువైనది కిందపడింది. తర్వాత అన్ని చప్పుళ్లూ ఒక్కసారి ఆగిపోయాయి, దగ్గుతో సహా.

తలుపు తెరుచుకుంది. ట్రంకు పిన్నిగారి జుట్టు ముడి జారిపోయి ఉంది. చేతిలో నల్లటి వైర్లు మూడు, గోడలోంచి పీకినవి, వాటిలో ఒకదానికి ఇంటర్నెట్టు పెట్టె వేలాడుతోంది. వెనక బల్ల మీద కంప్యూటరు తెర నల్లబడి ఉంది.

"ఎక్కడ నొక్కాలో తోచలేదే లోకలూ," అంది. "మొత్తం పీకేశాను."

ఆ తర్వాత గంటన్నర ఫోన్ల మీదే గడిచింది. నిన్ననే ఒక డిపాజిట్టు వాడు చెప్పిన ఖాతాలోకి వెళ్లిపోయింది. మిగిలింది ఇవాళ నాలుగున్నరకి వెళ్లాల్సింది. కోడలు బ్యాంకుకి చేసి ఖాతా ఆపించింది. ఇలాంటి మోసాల మీద ఫిర్యాదు తీసుకునే నంబరుకి చేస్తే, మీ కాల్ మాకు ముఖ్యం అని పాట వేశారు. పది నిమిషాలు, పదిహేను. కోడలు గదిలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. ఈ పాటతో పని కాదు, పెట్టేసి మళ్లీ చేద్దాం అంది. అత్తగారు ఫోన్ తీసుకుని చెవికి ఆనించుకుని, నిటారుగా కూర్చుంది.

"పెడితే మళ్లీ వరస మొదటికొస్తుంది. పార్టీ వస్తుంది, ఆగండి."

నలభై నిమిషాలు అలాగే కూర్చుంది. పార్టీ వచ్చింది. ఎప్పుడు, ఎవరు, ఏ ఖాతాకి అన్నీ చీటీ చూసి చదివినట్టు చెప్పించింది. అవతలి ఆఫీసరు అంతా రాసుకుని, నిన్ననే చెప్పి ఉంటే డబ్బు చాలావరకు మధ్యలోనే పట్టేసేవాళ్లం, ఇప్పుడు ఎంత దొరుకుతుందో చెప్పలేం, ప్రయత్నిస్తాం అన్నాడు.

 కోడలు పిన్నిగారి చేతికి నీళ్లిచ్చింది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "నిన్న మీకేం అనుమానం రాలేదా పిన్నిగారూ?"

"నిన్న పొద్దున వాడు పెన్షన్ ఆఫీసు అన్నాడు. అందుకని నమ్మాను. సాయంత్రానికి వచ్చిందమ్మా అనుమానం, భయమే పోలేదు." ట్రంకు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుంది. "లోకలుకి చెబుదామనుకున్నా. తన ఫోన్ లేదు. నీకు చేద్దామనుకున్నా. అప్పుడు నువ్వు రాసింది గుర్తొచ్చింది. నేనూ నవ్వాను కదా. మూడు బొమ్మలు పెట్టాను. నవ్వినదాన్ని, మర్నాడే నాకూ ఇలాగే అయిందని ఎలా చెప్పను? రెండో భాగం నా మీద రాస్తావనుకున్నా."

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఇంటికి వచ్చాక కోడలు తను రాసింది మళ్లీ చదివింది. బాగా రాసింది, సందేహం లేదు. అత్తగారి మాట ప్రతిదీ ఉంది. వాడి మాట ఒక్కటీ లేదు. ఏమని మొదలుపెట్టాడో, ఏమని బెదిరించాడో, ఎవరికీ చెప్పొద్దని ఎందుకన్నాడో, ఏదీ లేదు. తొంభైమంది చదివారు, తొంభైమందికీ ఒక ముసలావిడ గురించి తెలిసింది, దొంగ గురించి తెలియలేదు. దాన్ని తీసేసింది. అత్తగారి చీటీలు ముందేసుకుని, వాడి మాటలు మొదటినుంచి చివరిదాకా వరసగా రాసి పెట్టింది. దగ్గు కూడా రాసింది. దానికి నవ్వు బొమ్మలు రాలేదు.

గురువారం మధ్యాహ్నం కోడలు భర్త సొరుగు తెరిచి అత్తగారి ఫోన్ తీసి, ఛార్జింగు పెట్టి, ఆవిడ దిండు పక్కన ఉంచింది. భర్తకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. సూత్రాలు అని అతను ఏదో మొదలుపెట్టబోతే, మళ్లీ మాట్లాడతాను అని కట్ చేసింది. సూత్రాలు ఫ్రిజ్ మీదే ఉన్నాయి. పదో దాని కింద పెన్సిలుతో చిన్న అక్షరాల్లో ఎవరో పదకొండోది చేర్చారు. 'తెలియని పార్టీ అయితే మూడు నిమిషాలు. తర్వాత ట్రంకుని తలుచుకుని పీకేయాలి.'

ఫోన్ చూసి అత్తగారు, "థాంక్సండీ" అంది.

నాలుగింటికి లైను కలిసింది. అత్తగారు ముందుగదిలో, స్పీకరు పెట్టుకుని. కోడలు వంటింట్లో గిన్నెలు కడుగుతూ. ట్రంకు తన కథ తనే చెప్పింది, ఏదీ దాచకుండా, వైర్లు పీకిన చోట కొంచెం గొప్పగా కూడా. ఎవరూ నవ్వలేదు. విచారణ మాత్రం వాడి గొంతు ఎలా ఉందీ, యాస ఏమిటీ అని విచారించింది. తర్వాత ఫిర్యాదులు సీటావిడ, ఎప్పుడూ అందరికంటే ఎక్కువ మాట్లాడే మనిషి, చాలాసేపు ఊరుకుని చిన్న గొంతుతో అంది.

"నాకూ అయిందే. పోయినేడాది. పిల్లలకి కూడా చెప్పలేదు."

 ముప్పైయేళ్లు ఊరందరి ఫిర్యాదులూ రాసుకున్న మనిషి తన ఫిర్యాదు ఒక ఏడాదిపాటు ఎక్కడ దాచుకుందో. కోడలు చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. నురగ మోచేతి దాకా కారింది.

రాసి పెట్టడం తేలికే. రాతలో ఆమెకి ఎవరూ సాటిరారు. ముందుగదిలోకి వెళ్లి మొహం చూసి ఒక్క మాట అనడానికే నిన్నటినుంచి నాలుగుసార్లు గుమ్మందాకా వెళ్లి, నాలుగుసార్లూ టీ తాగుతారా అని అడిగి తిరిగొచ్చింది. అత్తగారు నాలుగుసార్లూ వద్దండి అంది.

చెయ్యి తుడుచుకుని తన ఫోన్ తీసింది. అత్తగారి నంబరుకి కలిపింది.

"ఏదో టిక్కుమంటోంది లోకలూ, ఎవరో కొత్త పార్టీ వస్తోందే," అంది ముందుగదిలో విచారణ గొంతు. "కలుపు, చూద్దాం."

టక్కుమంది. తర్వాత ఫోన్‌లోంచీ, గోడ అవతలినుంచీ ఒకేసారి రెండుసార్లు వినబడింది, గాజు పలకలాంటి ఆ గొంతు.

"నంబర్ ప్లీజ్."

"నేను అత్తయ్యా."

"చెప్పండి."

"సోమవారం నేను రాసింది..."

అక్కడ ఆగిపోయింది. కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. లైన్లో నలుగురూ ఉన్నారు. ఒక్కరూ ఏమీ అనలేదు, ఒక్కరూ పెట్టేయలేదు. అవతల పార్టీ మాట్లాడేదాకా ఆగడంలో ఆ నలుగురికీ ఉన్న అనుభవం ముందు తన మొండితనం ఎంతసేపు నిలుస్తుంది?

"మూడు నిమిషాలవుతున్నాయమ్మాయ్," అంది ట్రంకు. "పొడిగించమంటావా?"

కోడలు ఏదో అంది. తనకే సరిగా వినబడలేదు.

"ఏమిటే?" అంది అత్తగారు. "లైను బాగాలేదు. గట్టిగా చెప్పు."

'ఏమిటే' అన్న ఆ మాట చెవిన పడగానే కోడలు కుళాయి కట్టేసింది.

"తప్పు నాది అత్తయ్యా," అంది, కిందింటావిడకి కూడా వినబడేలా.